ఇద్దరి కడుపుమంట

వీధి వీధంతా ఆయన్ని రేడియో అంటుంది. అసలు పేరొకటి ఉందని సెలూన్ గోడకి తగిలించిన లైసెన్సు చెబుతుంది కానీ, దాని మీద పౌడరు దుమ్ము పేరుకుపోయి అది కూడా చెప్పడం మానేసింది. పొద్దున షట్టరు ఎత్తుతూ మొదలుపెట్టిన మాట సాయంత్రం షట్టరు దించుతూ ముగిస్తాడు. మధ్యలో ఎంతమంది కుర్చీ ఎక్కి దిగినా కథ మాత్రం ఒకటే, ధారగా సాగుతుంది. ముందొచ్చినవాడు కథ మొదలు వింటాడు, తర్వాతొచ్చినవాడు చివర వింటాడు. మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే మళ్ళీ జుట్టు పెరిగేదాకా ఆగాలి.

పనిమంతుడే, కాదనను. నోరు ఎంత ఆడినా చేతిలో కత్తి తడబడదు. పైగా ఆయనకొక గొప్ప ఉంది. గడ్డానికి నురుగు పట్టిస్తూ రెండు దవడలూ వేళ్ళతో ఒకసారి తడిమి, "మీరు ఎడంవైపే నములుతారు. కుడివైపు పన్నేదో ఇబ్బంది పెడుతోంది, అవునా?" అంటాడు. అవతలివాడు నోరు తెరుస్తాడు. ఏ పక్క నమిలితే ఆ పక్క కండ గట్టిపడుతుందట, రెండో పక్క మెత్తబడుతుందట. మనిషి అబద్ధం చెప్పినా దవడ చెప్పదని ఆయన సొంతంగా కట్టుకున్న సామెత. ఆ వీధిలో ఎవరి దవడ ఎలాంటిదో ఆయనకి తెలిసినంతగా వాళ్ళ పెళ్ళాలకి కూడా తెలియదు.

ఆయన భార్య పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. అక్కడ ఆమెని మెరుపు అంటారు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కొసలూ పట్టుకుని దుప్పటి మడవాలి. ఇస్త్రీ చేసే వేడి రోలరులోంచి అవి ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఒకరు అన్నానికి వెళ్తే, తిరిగొచ్చేదాకా రెండో మనిషి ఒంటరిగా దుప్పట్లతో కుస్తీ పట్టాలి. అందుకని అక్కడి ఆడవాళ్ళు నిలబడే తింటారు. మెరుపు తినడమైతే మరీ విడ్డూరం. డబ్బా మూత తీయడం కనిపిస్తుంది, మూత పెట్టడం కనిపిస్తుంది, మధ్యలో జరిగేదేదీ కంటికి ఆనదు.

"మెరుపు మెరిస్తే రేడియో గరగరమనాలి కదా బావా. మీ ఇంట్లో మాత్రం స్టేషను క్లియర్‌గా వస్తుందేం?" అని ఆమె తమ్ముడు ఆటపట్టిస్తుంటాడు. అతను సెలూన్‌లో రెండో కుర్చీ చూసుకుంటాడు. బావమరిది కాబట్టి ఏమన్నా చెల్లుతుంది.

స్టేషను క్లియర్‌గా రావడానికి కారణముంది. రాత్రి భోజనం దగ్గర రేడియో మాట్లాడతాడు, మెరుపు ఊఁ కొడుతుంది. పగలంతా కుర్చీల మీద ముక్కలు ముక్కలుగా పారేసిన కథలన్నీ ఏరుకొచ్చి, ఆ బల్ల దగ్గర మొదటి నుంచి చివరి దాకా అతుకుపెట్టి చెబుతాడు. చేతులు తిప్పుతూ, గొంతులు మారుస్తూ చెబుతాడు. ఆవిడ గబగబా నాలుగు ముద్దలు మింగేసి, గిన్నెలు సర్దుతూ, తుడుస్తూ, ఊఁ అంటూ ఉంటుంది. ఇంత చక్కగా వినే పెళ్ళాం ఇంకెవరికీ లేదని రేడియో గట్టి నమ్మకం. రోజు మొత్తంలో ఆయన దేనికోసం బతికేవాడంటే ఆ పూట కోసమే. అది పోతుందని కలలో కూడా అనుకోలేదు.

అలాంటిది మెరుపుకి కడుపులో మంట పట్టుకుంది. తిన్నా మంటే, తినకపోయినా మంటే. పనిచేసేది ఆసుపత్రిలోనే కదా, చూపించుకుంది. డాక్టరమ్మ మందు రాసిచ్చి, ఎలా తింటావని అడిగి, విని, "నువ్వు చేసేది తినడం కాదమ్మా, మింగడం" అంది. బుధవారం బుధవారం పని దిగాక వెనకవైపు క్యాంటీన్‌లో ఒక క్లాసు జరుగుతుంది, అందులో నెమ్మదిగా, మనసు పెట్టి తినడం నేర్పుతారు, వెళ్ళమంది.

రేడియోకి ఇంతకంటే మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? మర్నాడు షాపంతా అదే కథ. "పుట్టగానే ఎవరూ నేర్పకుండా వచ్చే విద్య అదొక్కటే. దానికి కూడా మాస్టారట. రేపు తుమ్మడానికి కూడా ట్యూషన్ పెడతారు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఆ నవ్వు మొదటి బుధవారం రాత్రికే ఆరిపోయింది. బల్ల దగ్గర మెరుపు కూర్చుంది. అవును, కూర్చుంది. ఉడికించిన బంగాళదుంప ముక్క ఒకటి తీసుకుని కాసేపు దాన్ని చూసింది. వాసన చూసింది. నోట్లో పెట్టుకుని, చెంచా కింద పెట్టేసి, కళ్ళు మూసుకుంది. రేడియో అప్పటికే కథ ఎత్తుకున్నాడు, పొద్దున ఒకడు సగం గడ్డం గీయించుకుని ఫోనొస్తే లేచి పారిపోయిన కథ. ఆవిడ కళ్ళు తెరవకుండానే చూపుడు వేలొకటి పైకెత్తింది. ఆగమని.

నోట్లో ముక్క అయిపోయాక చెప్పింది. "తినేటప్పుడు మాట వద్దన్నారండీ మాస్టారు. తిన్నాక వింటాను, చెబుదురుగాని."

తిన్నాక చెబుదామంటే, అప్పటికి ఆ సగం గడ్డంవాడు రేడియో నోట్లోనే చల్లారిపోయాడు. ఇంతలో ఆవిడ ఇంకో ముక్క తీసుకుంది. దాన్నీ అలాగే చూసింది. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత నిదానంగా చూడలేదే అనిపించింది ఆయనకి. బంగాళదుంప మీద అసూయపడ్డ మగాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, ఈయనే.

వారాలు గడిచేకొద్దీ అది ముదిరింది. ఆవిడ కడుపులో మంట తగ్గుతున్న కొద్దీ ఈయన కడుపులో రాజుకుంది. దానికి డాక్టరు దగ్గర మందు ఉండదు. ఒకరోజు కేరట్ మీద కుళ్ళు, ఒకరోజు రొట్టె మీద కుళ్ళు. ఇంకా చెప్పాలంటే అసలు కుళ్ళంతా ఆ కనపడని మనిషి మీద. "మాస్టారు అన్నారు", "మాస్టారు చెప్పారు", "మాస్టారు ఇలా పట్టుకోమన్నారు". చెంచా పట్టుకోవడానికి కూడా వాడే దిక్కా? రేడియో వాడికి నెమ్మది మాస్టారు అని పేరు పెట్టి, ఆ పేరు పలికినప్పుడల్లా పళ్ళు కొరికేవాడు.

ఎత్తులు కూడా వేశాడు. చెంచా కింద పడేశాడు. నీళ్ళు చప్పుడు చేస్తూ తాగాడు. టీవీ పెట్టాడు. ఆవిడ లేచి వెళ్ళి, విసుక్కోకుండా టీవీ ఆపేసి, వచ్చి కూర్చుని మళ్ళీ ముక్క అందుకుంది. విసుక్కుని ఉంటే కాస్త హాయిగా ఉండేది ఆయనకి. కనీసం దెబ్బలాడుకోవచ్చు.

"నువ్వు కూడా వెళ్ళు బావా క్లాసుకి. ఇద్దరూ కలిసి తింటారు" అన్నాడు బావమరిది, కత్తెర నూనెగుడ్డతో తుడుస్తూ.

"నా కంచంలో అన్నం నేను తినడానికి వాడెవడ్రా నేర్పేది?"

"మరి అంత మండిపోతున్నావేం?"

"మండిపోవడానికేముంది? నాకేం మంట లేదు. మంట మీ అక్కకి."

"ఆవిడకి తగ్గిపోయిందిగా. ఎవరికో అంటించే ఉంటుంది" అని వాడు అద్దంలోంచి చూసి నవ్వాడు. రేడియో పౌడరు పఫ్ వాడి మీదకి విసిరాడు.

అలా ఉండగా ఒక బుధవారం మధ్యాహ్నం పొట్టిగా, బొద్దుగా ఉన్న మనిషొకడు షాపులోకి దూసుకొచ్చాడు. చేతిలో కాగితం సంచి. బెంచీ మీద కూర్చుని, ఫోను చూసుకుంటూనే సంచిలోంచి బన్ను తీసి రెండు కొరుకుల్లో మింగాడు. ఇంకోటి తీశాడు, అదీ అంతే. చొక్కా మీద పడ్డ పొడి దులుపుకుంటూ వచ్చి కుర్చీ ఎక్కాడు.

"మంచి ఆకలి మీదున్నట్టున్నారు" అన్నాడు రేడియో, మెడ చుట్టూ గుడ్డ కడుతూ.

"టైము లేదండీ. ఆసుపత్రిలో క్లాసుంది. ఈ గడ్డంతో వెళ్తే బాగుండదు."

"ఏం క్లాసండీ?"

"నెమ్మదిగా తినడం నేర్పుతాను."

పక్క కుర్చీ దగ్గర బావమరిది కత్తెర ఆగిపోయింది. వాడు అద్దంలో బావ మొహం చూశాడు, తర్వాత బావ చేతిలో కత్తి చూశాడు.

కుర్చీలో మనిషుండగా రేడియో నోరు మూతపడటం ఆ షాపు తెరిచాక అదే మొదటిసారి. నురుగు పట్టిస్తూ అలవాటుగా దవడలు తడిమాడు. రెండు పక్కలా దూదిలా ఉంది. నమలడం ఎరగని దవడ. వీడా నా పెళ్ళానికి నమలడం నేర్పేది అనుకున్నాడు. అనుకోగానే లోపల ఎక్కడో పండగ మొదలైంది. దొరికాడు దొంగ. ఈ రెండు బన్నుల సంగతి సాయంత్రం బల్ల మీద పెడితే చాలు, మాస్టారూ పోతాడు, క్లాసూ పోతుంది, తన రోజులు తనకొస్తాయి.

ఆ సంతోషంలో ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. పుండును గోక్కోకపోతే తోచదు కొందరికి.

"మీ క్లాసుకి ఎలాంటివాళ్ళొస్తారండీ?"

"అన్ని రకాలూ వస్తారు. డ్రైవర్లు, నర్సులు. లాండ్రీలో పనిచేసే ఆవిడొకరు వస్తారు. ఆవిడ తింటుంటే చూడాలండీ, అంత శ్రద్ధ నాకే లేదు. తినడం ఒకెత్తు, తిన్నాక చెప్పడం ఒకెత్తు. ఒక్క టమాటా ముక్క మీద ఎంత కబురు చెబుతారో. క్లాసంతా కదలకుండా కూర్చుని వింటుంది."

"ఎవరు? ఆవిడా? కబుర్లు చెబుతుందా?"

"మహా మాటకారండీ."

అప్పుడు గాటు పడింది. చిన్నదే, గడ్డం కింద. పడిందో, పెట్టాడో, నన్నడగకండి. రేడియో పటిక రాసి, సారీ చెప్పి, మిగతా గడ్డం గీసి పంపించాడు. బావమరిది కూడా ఆ పూట ఒక్క జోకు వేయలేదు.

సాయంత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ ఒక్క మాటే చెవిలో పోరుపెట్టింది. మహా మాటకారి. టమాటాని చూసుకోనీ, బంగాళదుంపని ముద్దు పెట్టుకోనీ, దానికి కూడా ఓర్చుకున్నాడు. కానీ మాటలు? తన ఇంట్లో ఊఁ తప్ప ఇంకో అక్షరం రాలని నోటి నుంచి, వాళ్ళెవరికో కబుర్లు రాలుతున్నాయా? డ్రైవర్లకి, నర్సులకి, ఆ దూది దవడవాడికి? కడుపులో మంట గొంతు దాకా వచ్చింది. బన్నుల కథని నోట్లో సిద్ధంగా పెట్టుకుని మెట్లెక్కాడు.

మెరుపు అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆయన కంచం మీద మూత బోర్లించి ఉంది. ఆయన కుర్చీ లాక్కుని నోరు తెరిచేలోపే చూపుడు వేలు లేచింది. నోట్లో రొట్టె ముక్క ఉంది.

సరే, తిననీ. అయ్యాకే చెబుతాను, అరిగేలోపు చెబుతాను అనుకుని, చేతులు కట్టుకుని, ఎదురుగా కూర్చుని కోపంగా ఆవిడ మొహంలోకి చూడటం మొదలుపెట్టాడు. చెప్పడానికి వీల్లేదు, చేయడానికేమీ లేదు. ఇన్నేళ్ళ కాపురంలో భోజనం దగ్గర ఆయన చేతులు, నోరు రెండూ ఖాళీగా ఉండటం ఎప్పుడూ జరగలేదు. కోపంగానే చూశాడు. కానీ చేసే వృత్తి మనిషిని ఊరికే ఉండనివ్వదు కదా. చూపు తనంతట తనే జారి దవడ మీదకి వెళ్ళింది.

ఎడమ దవడ ఆడుతోంది. కుడి దవడ ఆడటం లేదు.

రొట్టె అంచు గట్టిగా ఉన్నచోట ఆవిడ దాన్ని నాలుకతో ఎడమవైపుకి తోసుకుంది. ఇంకో ముక్కని కూర పులుసులో నానబెట్టి, మెత్తబడేదాకా ఆగి తీసుకుంది. కుడి చెంప కొంచెం లోపలికి పోయి ఉంది. కుర్చీలో కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాడి దవడైతే రేడియో ఒక్క తడుముతో చెప్పేసేవాడు.

రేడియో లేచి, బల్ల మీదుగా వంగి, రెండు చేతులతో ఆవిడ దవడలు తడిమాడు. చేతులకి పటిక వాసన ఇంకా పోలేదు. ఆవిడ ఉలిక్కిపడింది కానీ నోట్లో ముక్క నమిలి మింగేదాకా ఏమీ అనలేదు.

"కుడివైపు పన్ను లేదు" అన్నాడు.

"రెండు లేవు."

"ఎప్పుడు?"

"చాలా కాలమైంది. ఆసుపత్రిలోనే పీకించుకున్నాను."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పానండీ. ఈ బల్ల దగ్గరే చెప్పాను. చెంప ఇంత వాచి ఉంది కూడా. మీరు ఊఁ అన్నారు. ఆ రోజు మీరు చెప్పులషాపాయన విగ్గు ఫ్యానులో చుట్టుకుపోయిన కథ చెబుతున్నారు."

ఆ కథ రేడియోకి బాగా గుర్తుంది. ఎన్నోసార్లు చెప్పిన కథ. విగ్గు రంగు గుర్తుంది, ఫ్యాను చేసిన చప్పుడు గుర్తుంది, ఎక్కడ ఆపితే జనం ఎక్కువ నవ్వుతారో గుర్తుంది. వాచిన చెంప గుర్తులేదు. ఎంత వెతికినా లేదు. వీధి వీధంతటి చేతా ఊఁ కొట్టించుకునే మనిషి, తనే ఊఁ కొట్టాడు. అదీ ఒక్కసారి ఆవిడ నోరు విప్పినప్పుడు.

సిగ్గుపడ్డ మనిషి ఊరుకోవాలి. ఈయన చేతిలో బన్నులు మిగిలిపోయాయి కదా, విసిరేశాడు.

"మీ మాస్టారు ఇవాళ షాపుకొచ్చాడు. రెండు బన్నులు రెండేసి కొరుకుల్లో మింగాడు. నా కళ్ళతో చూశాను. నమలడమే రాదు వాడికి."

"తెలుసు. మొదటిరోజే చెప్పారు ఆయన. తనకి పట్టుబడలేదు కాబట్టే వారం వారం పదిమందితో కూర్చుని నేర్చుకుంటున్నానని."

"తెలిసి కూడా వెళ్తున్నావా? ఏముందని అక్కడ?"

మెరుపు కంచం కొంచెం పక్కకి జరిపింది. "మొదటిరోజు టమాటా ముక్క ఇచ్చి తినమన్నారు. తిన్నాక, ఎలా ఉందమ్మా అని అడిగారు. బాగుందన్నాను. బాగుందంటే ఎలా అని అడిగి, ఊరుకున్నారు. నాకు మాట దొరకలేదు. దొరకట్లేదని తెలిసి కూడా ఆయన అందించలేదు, నేను చెప్పేదాకా అలా చూస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చిందండీ."

"ఏడవడానికేముంది అందులో?"

"ఏమో. ఎవరైనా ఆగితే నాకూ మాటలొస్తాయని అప్పుడే తెలిసింది." గ్లాసులో నీళ్ళు కొంచెం తాగింది. "మీ మీద కోపమేం లేదు. ఇన్నాళ్ళూ మీ కబుర్లు నంజుకునే తిన్నాను. బాగానే ఉండేది. కంచంలో ఏముందో మాత్రం తెలిసేది కాదు."

అంత చిన్న ప్రశ్న. ఎలా ఉంది? రెండు మాటలు. రోజుకి లక్ష మాటలు పారబోసే మనిషి దగ్గర ఆ రెండూ లేకుండా పోయాయి. ఆ దూది దవడవాడి దగ్గర ఉన్నాయి. రేడియోకి ఇప్పుడు వాడి మీద కుళ్ళు తగ్గలేదు సరికదా, రెట్టింపైంది. ఇంతకు ముందు కుళ్ళు ఎందుకో తెలియదు, ఇప్పుడు తెలిసింది. అది ఇంకా మండుతుంది. ఆ పూట ఆయన కంచం మీద మూత తీయలేదు.

మర్నాడు సాయంత్రం ఆయనే బల్ల తుడిచి, కంచాలు పెట్టి, ముందు ఆవిడకి వడ్డించాడు. బీట్‌రూట్ ముక్కలు మెత్తగా ఉడికి ఉన్నాయి. ఆవిడ ఒకటి నోట్లో పెట్టుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడు రేడియో. అని, అలవాటు చావదు కదా, "మెత్తగా ఉందా? ఉప్పు సరిపోయిందా? ఇవాళ షాపులో ఒకాయన ఏమన్నాడో తెలుసా," అంటూ ఇంకో మాట ఎత్తబోయి నాలుక కరుచుకున్నాడు.

ఆవిడ వేలెత్తింది. ఆయన ఆగాడు.

ఆగడం ఎంత కష్టమో గడ్డం గీయించుకునేవాళ్ళకి తెలుసు, గీసేవాడికి ఏం తెలుస్తుంది? లోపల కథలు షాపు ముందు ఆదివారం జనంలా తోసుకుంటున్నాయి. పళ్ళు బిగబట్టి, ఆవిడ ఎడమ దవడ ఆడటమే చూస్తూ కూర్చున్నాడు. ఎట్టకేలకు ఆవిడ మింగింది.

"తియ్యగా ఉంది. కానీ చివరికొచ్చేసరికి మట్టి వాసన వస్తుంది" అంది. "మా నాన్న గోదాము నుంచి వచ్చేసరికి ఆయన చొక్కాకి ఇదే వాసన ఉండేది. దుంపల బస్తాలు మోసేవాడు కదా. నేను ఆ చొక్కా కప్పుకునే పడుకునేదాన్ని."

మామగారు గోదాములో పనిచేశాడని రేడియోకి తెలుసు. చొక్కా సంగతి వినలేదు. అసలు మామగారి గురించి ఆవిడ నోట ఏదీ విన్నట్టు లేదు.

మెరుపు కంచంలోకి చూసి నవ్వుకుంది. "చొక్కా ఒక్కటే కాదు, ఆ గోదాములో ఒకసారి ఏం జరిగిందంటే, ఎన్నేళ్ళకి గుర్తొచ్చిందో చూడండి. ఇది వచ్చే బుధవారం క్లాసులో చెప్పాలి. మాస్టారు ఎంత నవ్వుతారో."

రేడియో కడుపు భగ్గుమంది.

"ముందు నాకు చెప్పు" అన్నాడు. "మొత్తం చెప్పు. వాళ్ళకి తర్వాత చెబుదువుగాని."

మెరుపు ఆయన వంక చూసింది. బంగాళదుంపని చూసినట్టే, నిదానంగా చూసింది. తర్వాత ఇంకో ముక్క నోట్లో పెట్టుకుని, వేలెత్తింది. రేడియో నోరు మూసుకుని కూర్చున్నాడు.